తుప్పు పూసినంత మాత్రాన వ్యాగన్ పాతబడదు

మోడల్ రైళ్ల సరదా ఉన్నవారి ఫోన్లలో ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు, అందులో ఇద్దరు రెండేసి సార్లు. దాని సారాంశం ఇది: "కొత్త ప్లాస్టిక్ గూడ్సు వ్యాగన్‌ను పది నిమిషాల్లో పాతదానిలా మార్చవచ్చు. ఎలాగూ గూడ్సు వ్యాగన్ అంటే తుప్పే కాబట్టి నారింజ రంగు ధారాళంగా పూయండి, ఎంత ఎక్కువైతే అంత సహజం. గరుకుదనం కోసం ఉప్పు గానీ వంటసోడా గానీ అంటించండి. నల్ల రంగును నీళ్లలా పలుచన చేసి ఒళ్లంతా పోయండి. చక్రాలకు నూనె కారినట్టు మెరిసే నలుపు వేయండి. పైన చాక్‌పీసు పొడి చల్లండి, వార్నిష్ దండగ. ఒకటి నేర్చుకుంటే రేక్ మొత్తానికీ, అంటే వరుసగా తగిలించిన వ్యాగన్లన్నిటికీ, అదే."

ఇది నమ్మి ఒక వ్యాగన్‌ను పాడుచేసుకున్నవాడిని కాబట్టి కాస్త కోపంగానే రాస్తున్నాను. ఎండకు ఎండి, వానకు తడిసి, సరుకు మోసి అలసిన వాలకాన్ని మోడల్‌కు తెచ్చే ఈ పనిని వెదరింగ్ అంటారు. అది పది నిమిషాల్లో అయ్యేది కాదు. అలాగని బ్రహ్మవిద్య కూడా కాదు.

మొదట ఆ తుప్పు సంగతి. మన పట్టాల మీద బొగ్గు మోసే పైకప్పులేని పాత బాక్స్-ఎన్ వ్యాగన్‌ను దూరం నుంచి చూస్తే నిలువెల్లా గోధుమ ఎరుపులో కనిపిస్తుంది. సందేశం రాసినాయన దాన్నే తుప్పు అనుకుని ఉంటాడు. అది రంగు. ఇంటి కిటికీ గ్రిల్‌కు వేయించే రెడ్ ఆక్సైడ్ లాంటిదే. ఎండకు వెలిసి, దుమ్ము పట్టి ఆ ఛాయకు వచ్చింది. అసలు తుప్పు దాని మీద అక్కడక్కడా ఉంటుంది, ఉన్న ప్రతిచోటా ఒక కారణం ఉంటుంది.

కాజీపేట స్టేషన్లో పాదచారుల వంతెన మీద నిలబడి, కింద ఆగిన ఖాళీ రేక్‌లోకి ఒక్కసారి తొంగిచూస్తే ఈ కారణాలు కళ్లకు కడతాయి. లోపలి గోడల మీద రంగు దాదాపు ఉండదు, బొగ్గు పెళ్లలు పడిపడి గీకేసి ఉంటాయి. అసలైన తుప్పు అక్కడుంది. అది కూడా నారింజ కాదు, ముదురు గోధుమ. కొత్తగా గీసుకున్న గీతల దగ్గర మాత్రమే కాస్త ఎర్రగా మెరుస్తుంది. తుప్పు ముదిరేకొద్దీ నల్లబడుతుంది, నారింజ రంగు దాని పసితనం. ఇక గోడల పై అంచు చూడండి. కొన్ని థర్మల్ కేంద్రాల్లో, రేవుల్లో టిప్లర్ అనే యంత్రం వ్యాగన్‌ను పట్టాలతో సహా పట్టుకుని బోర్లిస్తుంది. పడిపోకుండా దాని బిగింపులు పై అంచునే అదిమి పడతాయి. అందుకే ఆ అంచు రంగు పోయి, నొక్కుకుపోయి, కొన్నిచోట్ల ఉక్కు తేలి కనిపిస్తుంది. మోడల్ మీద ఆ అంచు వెంట మెత్తటి డ్రాయింగ్ పెన్సిల్ మొనను పక్కవాటుగా ఒక్కసారి లాగండి. లోహపు మెరుపు ఇట్టే వస్తుంది.

అదే కింది తలుపుల గుండా సరుకు దించే బీఓబీఆర్ఎన్ వ్యాగన్‌కు ఈ గుర్తులు పెడితే తప్పు. దాన్ని ఎవరూ బోర్లించరు. అరుగుదల అంతా కింద, తలుపుల దగ్గర.

కొత్త రకం బాక్స్-ఎన్-హెచ్‌ఎల్ అయితే ఇంకా చిత్రం. దాని ఒళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు. వంటింటి గిన్నెలా తళతళలాడదు, బూడిద రంగులో మసకబారి, పైన సన్నటి గోధుమ పొర తేలి ఉంటుంది. అలాంటిదానికి నారింజ తుప్పు దట్టించిన మోడల్ ఫోటోను నాకు ఒకరు గర్వంగా చూపించారు. బాగుందనే అన్నాను, మొహమాటం.

ఇక ఉప్పు. ఇక్కడ లెక్క వేసుకుంటే చాలు, వాదన అక్కర్లేదు. హెచ్‌ఓ స్కేలు అంటే అసలుకు 87వ వంతు. నిజమైన బాక్స్-ఎన్ పొడవు రెండు చివర్ల తగిలింపు కొక్కేలతో (కప్లర్లతో) కలిపి 10.7 మీటర్లు, మోడల్‌లో 12 సెంటీమీటర్ల పైచిలుకు. ఉప్పు రవ్వ అర మిల్లీమీటరు ఉందనుకుంటే 87తో గుణించండి: 43 మిల్లీమీటర్లు. అంటే వ్యాగన్ గోడ మీద నిమ్మకాయంత తుప్పు కణుతులు! ఆ గోడ రేకు మందమే కొన్ని మిల్లీమీటర్లు. అసలు తుప్పు గరుకుదనాన్ని 87వ వంతుకు కుదిస్తే కంటికి ఆనేది రంగు తేడా మాత్రమే, వేలికి తగిలేదేమీ ఉండదు.

ఉప్పుకు ఈ పనిలో చోటు లేదనను. దాన్ని సందేశం తలకిందులుగా పట్టుకుంది. ముందు తుప్పు రంగు వేసి ఆరనిచ్చి, తడి చేసి, అక్కడక్కడా ఉప్పు చల్లి, అది ఆరాక పైన వ్యాగన్ అసలు రంగును స్ప్రే చేస్తారు. తర్వాత ఉప్పును రుద్ది రాల్చేస్తారు. అది ఉన్నచోట పైరంగు పడలేదు కాబట్టి అడుగున ఉన్న తుప్పు రంగు చిరుగుల అంచులతో బయటపడుతుంది, పెచ్చులూడిన పెయింటులా. మిగిలిన ఉప్పును నీళ్లతో కడిగేస్తారు. అంటించి ఉంచేయమని తెలిసినవారెవరూ చెప్పరు.

ఇదే లెక్క తుప్పు చారలకూ వర్తిస్తుంది. నిజమైన వ్యాగన్ మీద రివెట్ కిందనో వెల్డింగు అతుకు కిందనో జారిన చార రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, మోడల్ మీద అది పావు మిల్లీమీటరు కూడా కాదు. బ్రష్‌తో అంత సన్నగా గీయడం నా చేతివల్ల కాదు. నేను చేసేది వేరు. చిత్రకారులు వాడే ఆయిల్ రంగుల్లో బర్న్‌ట్ అంబర్, బర్న్‌ట్ సియెన్నా అని రెండు మట్టిరంగులు ఉంటాయి. టూత్‌పిక్ మొనతో చార మొదలు కావలసిన చోట ఆవగింజలో పదోవంతు చుక్క పెడతాను. పది నిమిషాలు ఆగుతాను. టర్పెంటైన్‌లో ముంచి, గుడ్డకు తుడిచి, తడి ఉందా లేదా అన్నంతగా ఉన్న చదును బ్రష్‌తో ఆ చుక్కను కిందికి లాగుతాను, వాన ఎటు జారుతుందో అటే. మొదటి లాగుడుకు చార లావుగా వస్తుంది. బ్రష్ తుడిచి మళ్లీ లాగితే సన్నబడుతుంది. మూడోసారికి మిగిలేది చార ఉందేమో అన్న అనుమానం. అక్కడ ఆపాలి. అడుగున నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగు పూర్తిగా ఆరి ఉంటే టర్పెంటైన్ దాని జోలికి పోదు.

నల్లనీళ్ల సలహాకు మొదటి చిక్కు భౌతికశాస్త్రమే. పలుచని రంగు చదునైన గోడ మీద నిలవదు, నిలువు పట్టీల మూలల్లోకి పారుతుంది. మిగిలింది గుండ్రటి మడుగులుగా ఆరి, బల్ల మీద టీ గ్లాసు వదిలిన వలయంలా అంచు కడుతుంది. వ్యాగన్ మీద అలాంటి వలయాలు ఎవరైనా చూశారా? నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపితే వలయాలు తగ్గుతాయి. కానీ రెండో చిక్కు రంగుది. మురికి నల్లగా ఉండదు. దుమ్ము అసలు రంగు కంటే లేతగా ఉంటుంది. పట్టాల పక్క నుంచి లేచే ధూళి వ్యాగన్ కింది భాగానికి లేత మట్టిరంగు పూస్తుంది. బొగ్గు వ్యాగన్ మీది మసి కూడా ఎండలో బూడిద కలిసిన ముదురు గోధుమలాగే ఉంటుంది. పైగా 12 సెంటీమీటర్ల వస్తువును చేతి దూరం నుంచి చూస్తున్నామంటే, అసలు వ్యాగన్‌ను కొన్ని పదుల మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టే. అంత దూరాన మధ్యలోని గాలి నలుపును నలుపుగా ఉండనివ్వదు. స్వచ్ఛమైన నల్లరంగు మోడల్‌ను బొమ్మను చేస్తుంది. రా అంబర్ అనే మట్టిరంగులో కొంచెం బూడిద రంగు కలిపి వాడి చూడండి.

చక్రాల గురించి చెప్పాలంటే ముందు ఒక మాట పేచీ తీర్చాలి. మనం బోగీ అంటే ప్రయాణికుల పెట్టె. రైల్వేవారికి బోగీ అంటే పెట్టె కింద రెండేసి ఇరుసులను కలిపి ఉంచే ఉక్కు చట్రం. మోడలర్లు మాట్లాడేది రెండోదాని గురించి. ఇప్పటి వ్యాగన్ల ఇరుసు చివర్లలో ఉన్నవి మూసి ఉన్న రోలర్ బేరింగులు, గ్రీజు లోపలే ఉంటుంది. చక్రం ముఖం మీద నూనె ఎందుకు కారుతుంది? అక్కడ ఉండేది తుప్పు గోధుమ, దాని మీద బ్రేకు దిమ్మల పొడి, పట్టాల ధూళి. అంతా మాసిన రంగే, మెరుపు మచ్చుకైనా లేదు. మెరిసేది పట్టా మీద దొర్లే అంచు ఒక్కటే, అది నిత్యం సానబడుతుంది కాబట్టి. నూనె పోస్తూ ఉండాల్సిన ప్లెయిన్ బేరింగులున్న పాతకాలపు నాలుగు చక్రాల వ్యాగన్ చేస్తున్నారా, అప్పుడు నూనె మరకలు వేసుకోండి, ఆ సలహా దానికి సరిపోతుంది. ఏ కాలపు వ్యాగన్ అయినా దొర్లే అంచుకు, ఇరుసు మొనకు రంగు తగలకూడదు. తగిలితే బండి కుంటుతుంది.

చాక్‌పీసు దగ్గర నాకు సొంత అనుభవం ఉంది. ఆ మొదటి వ్యాగన్‌కు బడి చాక్‌పీసు అరగదీసి శ్రద్ధగా దుమ్ము కొట్టాను. మర్నాడు పట్టాల మీద పెట్టడానికి రెండు వేళ్లతో ఎత్తాను. నా బొటనవేలి ముద్ర, చూపుడువేలి ముద్ర పోలీసు రికార్డంత స్పష్టంగా గోడకిరువైపులా మిగిలాయి. నున్నటి ప్లాస్టిక్ మీద పొడి పట్టుకోదు. అలాగని మీద వార్నిష్ స్ప్రే చేస్తే పొడి సగానికి సగం మాయమవుతుంది. ముందు మెరుపులేని మ్యాట్ వార్నిష్ ఒక పొర వేసి గరుకు తెప్పించాలి. చిత్రలేఖనం సామాను అమ్మే దుకాణంలో దొరికే మెత్తటి పొడి పాస్టెల్ కడ్డీలను గరుకు కాగితం మీద అరగదీసి, ఆ పొడిని బ్రష్‌తో అద్దాలి. తర్వాత దూరం నుంచి మ్యాట్ వార్నిష్ రెండు మూడు పలుచని పొరలుగా వేయాలి. కొంత పొడి ఎలాగూ మాయమవుతుంది కాబట్టి ముందే కావలసిన దానికంటే ఎక్కువ అద్దాలి. జూలై, ఆగస్టు ముసురులో మాత్రం స్ప్రే డబ్బా తీయకండి. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీదే చేరి, వార్నిష్ పాలిపోయి తెల్లమచ్చలు కడుతుంది. దీన్ని కూడా నేను డబ్బు పెట్టే నేర్చుకున్నాను.

రేక్ మొత్తానికీ ఒకే పద్ధతి అన్నది అన్నిటికంటే పెద్ద అబద్ధం. బైలదిల్లా నుంచి కొత్తవలస మీదుగా విశాఖకు ఇనుప ఖనిజం మోసే వ్యాగన్‌నూ, సింగరేణి బొగ్గు మోసే వ్యాగన్‌నూ పక్కపక్కన ఊహించుకోండి. రెండూ బాక్స్-ఎన్‌లే అనుకుందాం. ఖనిజం బరువెక్కువ. వ్యాగన్ మోయగల బరువు చేరేసరికి లోపల దాదాపు సగం ఎత్తుకే ఆగిపోతుంది. బొగ్గు తేలిక, అంచుల దాకా నిండి పైన గోపురం కడుతుంది. కాబట్టి ఖనిజం వ్యాగన్ లోపలి గోడ మీద ఎర్రదనం కింది సగంలో చిక్కగా ఉండి, పైకి పోయేకొద్దీ పలచబడాలి. బయట ఆ ఎర్ర ధూళి పట్టీల మీద, అడుగు గట్టు మీద, అంటే ఎక్కడ అడ్డంగా చోటుంటే అక్కడ పేరుకోవాలి. అది తుప్పు చారలా జారదు, పొడిలా కూర్చుంటుంది. బొగ్గు వ్యాగన్‌కైతే లోపలంతా పైదాకా ఒకే మరక, బయట అంచు మీదుగా ఒలికిన మసి. సిమెంటు బస్తాలు మోసే బీసీఎన్ మూత వ్యాగన్‌కు తలుపుల చుట్టూ బూడిద రంగు, పెట్రోలు మోసే ట్యాంకు వ్యాగన్‌కు పై మూత దగ్గర నుంచి పక్కలకు దిగిన ముదురు జాడలు. సరుకు తెలియకుండా బ్రష్ ముట్టుకుని లాభం లేదు.

పైగా ఒకే రేక్‌లోనే అన్ని వయసులవీ ఉంటాయి. వ్యాగన్లను కొన్నేళ్లకోసారి పూర్తి మరమ్మతుకు వర్క్‌షాపుకు పంపుతారు. విజయవాడ పక్కన రాయనపాడులోది అలాంటిదే. అక్కడి నుంచి కొత్త రంగుతో వచ్చినది, ఏళ్ల తరబడి వెలిసినదాని పక్కనే తగులుకుని పోతుంటుంది. మాసిపోయిన గోడ మీద మరమ్మతు తేదీ, నంబరు రాసిన చోట మాత్రం శుభ్రంగా, కొత్త రంగు చదరంగా కనిపిస్తుంది. తనిఖీ సిబ్బంది సుద్దతో గీసిన గుర్తులు, అంకెలు పక్కనే ఉంటాయి. చాక్‌పీసుకు ఈ మొత్తం కథలో ఉన్న న్యాయమైన స్థానం అదొక్కటే. మోడల్ మీద దానికీ చాక్‌పీసు పనికిరాదు, మొన బాగా చెక్కిన తెల్ల పెన్సిల్ కావాలి.

నా నారింజ వ్యాగన్ ఇంకా ఉంది. అక్రిలిక్ గట్టిపడిపోయింది కాబట్టి టర్పెంటైన్‌కు లొంగలేదు, ఉప్పు రవ్వలు గరుకు కాగితానికి సగమే ఊడాయి. ఇప్పుడది నా పరీక్షల వ్యాగన్. కొత్త రంగు కలిపినప్పుడల్లా దాని అడుగున ఒక గీత గీసి, ఆరాక వెలుతురులో పెట్టి చూస్తాను. అడుగంతా గీతలు నిండాయి, ఈమధ్య గోడల మీదికి ఎక్కాను.