తదితరుల కచేరీ

రాక్ కచేరీకి సంగీతం తప్పనిసరి అనే దురభిప్రాయం మనలో చాలామందికి ఉంది. తిరుపతి శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కళాశాల వార్షికోత్సవానికి వెళ్లి వచ్చేదాకా నాకూ ఉండేది. పందొమ్మిదేళ్లుగా నేను ప్రాణం పెట్టి వింటున్న ఒక బ్యాండు ఆ కళాశాల మైదానంలో ఆరుబయట వాయించబోతోందని తెలిసి, యాభై దాటిన వయసులో, మోకాలికి పట్టీ బిగించుకుని, మా అన్న కొడుకు ఎవరెవరినో బతిమాలి తెచ్చిన పాసు జేబులో పెట్టుకుని బయలుదేరాను. ఆ బ్యాండు పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ రాత్రి జరిగినదాంట్లో వాళ్ల పాత్ర అతి స్వల్పం కనుక, పేరు రాస్తే లేని ప్రాధాన్యం అంటగట్టినట్లవుతుంది.

ఢిల్లీలో 1990లో మొదలైన ఇండియన్ ఓషన్, కేరళలో 2013లో పుట్టిన తైక్కుడం బ్రిడ్జ్ వంటి బృందాలు గిటారును మన రాగాల పక్కన కూర్చోబెట్టి ఊరూరా తిరుగుతున్నా, తిరుపతివాడు అటువంటిది కళ్లారా చూడాలంటే చెన్నైకో బెంగళూరుకో బస్సెక్కవలసిందే. దేశం నలుమూలల జనం మా ఊరికి వస్తారు గానీ గిటారు పట్టుకుని వచ్చేవాళ్లు తక్కువ. అటువంటిది, ఆ బ్యాండే మా ఊరికి వస్తోందంటే మోకాలు అడ్డు చెప్పగలదా?

కార్యక్రమం ఆరు గంటలకని పాసు మీద ఉంది. ఐదున్నరకే గేటు దగ్గర సరుగుడు కొయ్యలు కట్టి వరుసలు చేశారు. వరుసలో నిలబడటం మా ఊరివాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు కనుక మాట్లాడకుండా నిలబడ్డాను. వాచ్‌మన్ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "సామీ, ఇది పిల్లోళ్ల లైను. ఫీజు కట్టేదానికైతే ఆఫీసు ఆ పక్క" అన్నాడు. "మా చిన్నాయన పాటలు వినేదానికే వచ్చినాడన్నా" అని మావాడు నా తరపున హామీ ఇచ్చాక, నమ్మకం కుదరని ముఖంతోనే లోపలికి వదిలాడు.

లోపల కూర్చునే ఏర్పాటులోనే ఒక ధర్మం ఉంది. వేదికకు ఆనుకుని తెల్ల తువ్వాళ్లు పరచిన సోఫాలు మూడు వరుసలు వేశారు. వాటి వెనుక అధ్యాపకులకూ వాళ్ల కుటుంబాలకూ ప్లాస్టిక్ కుర్చీలు. ఆ వెనుక తాడు. తాడుకు ఆవల, వేదికకు అరవై మీటర్ల దూరంలో, ఈ బ్యాండు పాటలన్నీ కంఠతా వచ్చిన విద్యార్థులు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని దాదాపు ఆరు డెసిబెల్స్ తగ్గుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. ఆ లెక్కన, వినాలని లేనివారికి పూర్తి ధ్వనినీ, చెవికోసుకునేవారికి మిగిలినదాన్నీ పంచడంలో యాజమాన్యం చూపిన దూరదృష్టిని మెచ్చుకోవాలి. సోఫాలోని ఒక పెద్దమనిషి తొలి డ్రమ్ము దెబ్బకు చెవుల్లో పెట్టిన వేళ్లను చివరిదాకా తీయలేదు. పాపం, తీస్తే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఏడుంపావుకు జ్యోతి ప్రజ్వలన మొదలైంది. ఆ సమయంలో కొండ మీదనుంచి దిగే గాలికి వార్షికోత్సవాల పట్ల ఏమాత్రం గౌరవం లేదు. ఐదు వత్తుల కుందెను ఐదుగురు అతిథులు కొవ్వొత్తితో వెలిగించబోతే కొవ్వొత్తే ఆరిపోయింది. ప్రిన్సిపాల్ గారు కోటు అడ్డం పెట్టారు, ఒక లెక్చరర్ ఆహ్వాన పత్రికల కట్ట అడ్డం పెట్టారు, అయినా ఒక వత్తి అంటుకుంటే రెండోది ఆరుతోంది. చివరికి వేదిక మూలన తన వంతు కోసం నిలబడి ఉన్న బేస్ గిటారిస్టు జేబులోంచి లైటరు తీసి, వంగి, అరచేయి గూడులా పెట్టి ఐదు వత్తులనూ వరుసగా వెలిగించాడు. సభ కరతాళధ్వనులతో మార్మోగింది. ఆ రాత్రి బ్యాండు సభ్యుడికి దక్కిన మొదటి సోలో అదే.

తరువాత అతిథులను ఒక్కొక్కరినే వేదిక మీదకు పిలిచి పద్నాలుగు కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఆ కుర్చీలకు చోటు చాలక డ్రమ్ములను వెనక్కి జరిపారు. ముఖ్య అతిథి ప్రసంగాన్ని మాత్రం నేను జీవితంలో మరచిపోను. రాక్ అంటే తెలుగులో రాయి అనీ, కనుక రాక్ సంగీతం పాశ్చాత్యులదనడం బానిస మనస్తత్వమనీ ఆయన మొదలుపెట్టారు. తాళ్లపాక అన్నమయ్య ముప్పైరెండు వేల సంకీర్తనలు రచిస్తే, వాటిని రాగిరేకులకెక్కించి తిరుమల ఆలయంలో రాతి అరలో భద్రపరచలేదా, రాతిలో ఉన్న సంగీతం రాక్ కాక మరేమిటని నిలదీశారు. వెనుకనున్న విద్యార్థులు ఈలలు వేశారు. ఆయన వాటిని ఆమోదంగా స్వీకరించి శిలాతోరణం దగ్గరికి వెళ్లారు.

ఈ ఒక్క చోట ఆయనతో నాకు పేచీ లేదు. తిరుమల కొండ మీద ప్రకృతి చెక్కిన ఆ శిలాతోరణం ఎనిమిది మీటర్ల వెడల్పూ మూడు మీటర్ల ఎత్తూ ఉంటుంది. ఘాట్ రోడ్డు పక్కన కొండను తొలిచిన చోట భూగర్భ శాస్త్రజ్ఞులు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అనే గీత ఒకటి చూపిస్తారు. దాని కింది రాతికీ పైనున్న రాతికీ మధ్య దాదాపు 80 కోట్ల సంవత్సరాల విరామం ఉందట. ఆ కాలంలో ఏం జరిగిందో చెప్పే పొర అక్కడ మిగలలేదు. ఇంతకాలం ఆ అంకె నా బుర్రకు ఎక్కేది కాదు. ముఖ్య అతిథి ప్రసంగానికీ మొదటి పాటకూ మధ్య కూర్చున్నాక ఎక్కింది.

ఆ విరామంలోనే సన్మానం జరిగింది. గిటారు పట్టీ భుజాన ఉన్న మనిషికి శాలువా ఎలా కప్పాలో మన సంప్రదాయంలో నిర్దేశం లేదు. పట్టీ కిందనుంచి దూర్చాలా, గిటారుతో సహా చుట్టబెట్టాలా అని కొంత తర్జనభర్జన జరిగి, చివరికి గిటారుకే కప్పారు. డ్రమ్మర్ మెడలో వేసిన చామంతి దండ అతని పొడుగాటి జుట్టులో చిక్కుకుంటే ఇద్దరు విద్యార్థినులు వచ్చి విడదీశారు. గాయకుడి దండ తెగి పూలన్నీ గిటారిస్టు కాలి దగ్గరి పెడళ్ల మీద రాలాయి; అతను మోకాళ్ల మీద కూర్చుని, మీటల సందుల్లో ఇరుక్కున్న పసుపుపచ్చ రేకులను గోటితో ఒక్కొక్కటే తీస్తుంటే, పక్కన వ్యాఖ్యాత ఆ భంగిమను గురువందనంగా వర్ణించాడు.

తొమ్మిది ముప్పైఎనిమిదికి బ్యాండు అందుకుంది. ఇక్కడ చట్టం గురించి చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది దాటాక ఆరుబయట మైకు మోగకూడదు. పండుగలకూ సాంస్కృతిక సందర్భాలకూ ఏడాదికి పదిహేను రోజులు మించకుండా ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు గానీ, ఆ కాగితం కోసం ఎవరూ తిరిగినట్లు లేదు. పైగా విద్యాసంస్థల చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించడానికి ఆ నిబంధనలు వీలిస్తాయి. అలా ప్రకటిస్తే పగటిపూట పరిమితి 50 డెసిబెల్స్. మనుషులు మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దాకా పోతుంది. రాక్ కచేరీ నూరు దాటుతుంది. డెసిబెల్ పది పెరిగితే తీవ్రత పది రెట్లవుతుంది కనుక, 50 నుంచి నూరుకు అంటే లక్ష రెట్లన్నమాట. లక్ష రెట్ల పాపం ఎలాగూ చేయవలసి వచ్చినప్పుడు, దాన్ని ఇరవైరెండు నిమిషాలకు కుదించి, మిగతా మూడున్నర గంటలూ ఉపన్యాసాలతో ప్రాయశ్చిత్తం చేయించిన కళాశాలను నేను తప్పుపట్టలేను.

ఆ ఇరవైరెండు నిమిషాల్లో ఆరు నిమిషాలు "హలో, చెక్" అనడానికి పోయాయి. మొదటి పాటలో గాయకుడి గొంతు వినబడలేదు, పెదాలు మాత్రం కదిలాయి. రెండో పాట మధ్యలో, నేను పందొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్న గిటారు విన్యాసం మొదలైన క్షణాన, గేటుకు అడ్డంగా నిలిపిన తెల్ల కారును దాని యజమాని వెంటనే తీయవలసిందిగా వ్యాఖ్యాత కోరాడు. మూడో పాటకు తాడు తెగింది. విద్యార్థులంతా ప్లాస్టిక్ కుర్చీలు దాటుకుని ముందుకు ఉరికారు, నేనూ ఉరికాను, మోకాలు మాట మరచిపోయాను, సరిగ్గా చరణం ఎత్తుకునే చోట జనరేటరు ఆపేశారు. పది గంటలు. చీకట్లో డ్రమ్మర్ ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. మైకు లేని ఆ డ్రమ్ము చాలా చిన్నగా, పక్కింట్లో ఎవరో పప్పు రుబ్బుతున్నట్టుగా వినబడింది. ఆ దరువు మీదే పిల్లలు చరణం పూర్తిచేశారు. "చిన్నాయనా, నువ్వు కూడా పాడినావు" అని మావాడు తరువాత నా మీద అభియోగం మోపాడు. నేను ఖండించాను.

మరునాడు దినపత్రిక జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. పద్నాలుగు మంది వరుసగా నిలబడి ఉన్నారు. ఆ చివరన, సగం కత్తిరించిన గిటారు మెడ ఒకటి, దాన్ని పట్టుకున్న నాలుగు వేళ్లు కనబడుతున్నాయి. కింద పద్నాలుగు పేర్లూ హోదాలతో సహా ఉన్నాయి. ఆ తరువాత ఒక కామా, ఆ పక్కన "తదితరులు".