రాళ్లు సరే, రిజిస్టరు ఏదీ?

రాయలసీమలో చెరువు పూడిక తీసినా, పాత గుడి బాగు చేసినా ఏదో ఒక రాయి బయటపడుతుంది. కత్తి పట్టిన వీరుడి బొమ్మ ఉంటే, అంటే వీరగల్లైతే, పసుపు కుంకుమ పెట్టి చెట్టు కింద నిలబెడతారు. అక్షరాలుంటే మాత్రం చదివేవాళ్లు లేక, ఏ ఇంటి ముందో బట్టలుతికే బండగా మారినా అడిగే దిక్కుండదు. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలో, ఒక గుడి ఆవరణలోనే కదా క్రీ.శ. 575 నాటిదిగా చెప్పే రేనాటి చోళుల తెలుగు శాసనం దొరికింది! కడపలో 1982 నుంచి భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం ఉంది. జిల్లాలోని అన్ని ఊళ్ల రాళ్లనూ అదొక్కటే మోయలేదు. అందుకే రిటైరైన టీచర్లు, చదువుకున్న కుర్రాళ్లు కలిసి ఊరి మ్యూజియం పెడతామంటే మేము సంతోషంగా స్వాగతిస్తాం.

జీతంలేని పని ఎన్నాళ్లు నిలుస్తుందని పెదవి విరిచేవాళ్లకు కడపలోనే జవాబుంది. 1820లో ఇక్కడికి ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్ బంగళా కొన్నాడు. సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని, తాళపత్రాలు తెప్పించి, పాఠాలు సరిచూయించి శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళా తర్వాత మొండిగోడలుగా మిగిలింది. అక్కడే గ్రంథాలయం కట్టాలని పట్టుబట్టింది జిల్లా రచయితల సంఘం కార్యదర్శి జానమద్ది హనుమచ్ఛాస్త్రి. చందాల కోసం ఆయన ఎక్కని గడప లేదంటారు కడపవాళ్లు. 1987లో శంకుస్థాపన జరిగితే తలుపులు తెరుచుకున్నది 1995లో. ఆ ఎనిమిదేళ్ల ఓపిక గొప్పదే. కానీ మాకు అంతకన్నా గొప్పగా కనిపించేది ఆ తర్వాత జరిగింది. 2006లో ఆ గ్రంథాలయాన్ని యోగి వేమన విశ్వవిద్యాలయానికి అప్పగించారు. 2014లో శాస్త్రిగారు కన్నుమూశారు, సంస్థ నిలిచింది. కష్టపడి పెట్టినదాన్ని బతికుండగానే ఇంకొకరి చేతిలో పెట్టడం అందరికీ చేతకాదు. సంఘాల్లో తాళంచెవి కోసం జరిగే గొడవలు చూసినవారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

తాళంచెవి కన్నా ముందు కావలసింది రిజిస్టరు. ఏ వస్తువు, ఎవరిచ్చారు, ఏ ఊళ్లో ఎక్కడ దొరికింది, పూర్తిగా ఇచ్చేశారా, చూపడానికి మాత్రమే పెట్టారా అన్నది వచ్చిన రోజే రాయాలి. ఊరూ పేరూ లేని మానిక పాత ఇనుప సామాన్ల కొట్లోనూ దొరుకుతుంది. దాంతో ఏ గింజలు కొలిచారో, కూలి ఎంత పెట్టారో ఇచ్చిన అవ్వ ఉన్నప్పుడే అడగాలి. బావి నీళ్లు తోడే కపిల బాన, సేద్యానికి వాడే గొర్రు, గుంటక ఏదైనా అంతే.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల కిందికి వస్తాయి, నమోదు చేయించాల్సి రావచ్చు. ఉత్సాహంగా ట్రాక్టరులో విగ్రహం తెచ్చి, తర్వాత పోలీసు కేసని టెన్షన్ పడితే లాభమేముంది? పూజలందుకుంటున్న వీరగల్లును అసలు కదపకూడదు, ఫొటో తీసి, శాసనముంటే కాగితం మీద అచ్చు తీసుకుంటే చాలు. అక్షరాలు బాగా కనబడాలని శాసనాలకు పెయింటు పూసే అలవాటు ఇకనైనా మానాలి. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె రాస్తారు, వార్నిష్ కాదు.

ప్రభుత్వం ఇలాంటివాటికి కోట్లు ఇవ్వనక్కర్లేదు. పిల్లల్లేక మూతపడిన బడిలో రెండు గదులు, కరెంటు బిల్లుకు పంచాయతీ పూచీ, ఏడాదికోసారి పురావస్తు శాఖ నుంచి వచ్చి వాలంటీర్లకు పని నేర్పే ఒక ఉద్యోగి, ఇవి చాలు. నిర్వాహకులు రిజిస్టరు రెండు ప్రతులు రాయాలి. రెండోది మ్యూజియం గదిలో కాకుండా ఊరి శాఖా గ్రంథాలయంలో, ఎవరు అడిగినా చూపేలా ఉంచాలి.