మేతకు కరవు, గడ్డికి నిప్పు

యాసంగి కోతలు ముగియగానే మళ్లలో పొగ లేవడం, వరిగడ్డి తగలబెట్టవద్దంటూ అధికారులు ఒక ప్రకటన విడుదల చేసి చేతులు దులుపుకోవడం తెలంగాణలో ఏటేటా చూస్తున్నదే. అదే ఎండాకాలంలో మేత కొనలేని పాడిరైతు పశువులను సంతకు తోలుతున్నాడు. కాల్చడం తప్పని గద్దించే ప్రభుత్వానికి, ఆ గడ్డిని మంచి మేతగా మార్చే పూచీ మాత్రం పట్టకపోవడం రెండు నాల్కల ధోరణి.

వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు. సులువుగా అరగని సిలికా, లిగ్నిన్ అనే గట్టి పదార్థాల మూలంగా పశువు ఎంత నెమరేసినా ఒంటబట్టేది తక్కువే. దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను 50-60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లుతూ, గాలి చొరకుండా తొక్కి, టార్పాలిన్ కప్పి 21 రోజులు మాగబెడితే, లోపల పుట్టే అమ్మోనియా గడ్డిని మెత్తబరచి మాంసకృత్తులను ఏడెనిమిది శాతానికి చేరుస్తుంది. విప్పగానే ముక్కుపుటాలు అదిరే ఘాటు కొడుతుంది. కాసేపు ఆరనిచ్చి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం పెట్టకూడదు. దశాబ్దాలుగా కరపత్రాల్లో అచ్చవుతున్న ఈ పద్ధతిని ఎన్ని ఊళ్లలో చేసి చూపించారో పశుసంవర్ధక శాఖ చెప్పగలదా?

కరగని యూరియా కడుపులోకి పోతే పశువు ప్రాణానికే ముప్పని కొందరు, కూలీలు దొరకరని కొందరు అంటున్నారు; రెండూ కాదనలేనివే. కానీ ఆ భయం తీర్చడానికే కదా పల్లెల్లో పశువులకు కృత్రిమ గర్భధారణ సేవలందించే గోపాలమిత్రలు, మండలాల్లో పశువైద్యశాలలు ఉన్నది? నిప్పు పెడితే చర్యలు తప్పవని హెచ్చరించడానికి పొలం గట్టు దాకా వచ్చే యంత్రాంగానికి, గడ్డివామి దాకా రావడానికి మాత్రం తీరిక చిక్కదు. యూరియా సంగతి మరీ విడ్డూరం. 2025 వానాకాలంలో ఒక్క బస్తా కోసం రైతులు చెప్పులు వరుసలో పెట్టి పడిగాపులు కాసిన రాష్ట్రమిది. 45 కిలోల బస్తా ఒక్కటి టన్నుకు పైగా గడ్డికి సరిపోతుంది. పైరుకు అవసరం తగ్గిన కోతల వేళ ఆ బస్తాను పాడిరైతుకు విడిగా కేటాయించాలన్న ఆలోచన కూడా ఏలినవారికి రాలేదు. హార్వెస్టర్ చిందరవందరగా వదిలేసిన గడ్డిని కట్టలు కట్టే బేలర్ అద్దె భారమూ రైతు నెత్తినే.

కాల్చొద్దనే నోరే ఉంది తప్ప కాపాడే చేయి లేదు. వచ్చే కోతలకైనా మండలానికి ఒక ఊళ్లో పశువైద్యుడు దగ్గరుండి ఒక్క వామినైనా మాగబెట్టించలేకపోతే, అగ్గిపెట్టె పట్టిన రైతుకు సుద్దులు చెప్పే అర్హత ఈ సర్కారుకు లేదు.