కేస్ షీట్‌లో లేని మాట

వినికిడి లేని ఒక మహిళ ఓపీ గది ముందు కూర్చుని ఉంటారు. లోపలి నుంచి ఆమె పేరు రెండుసార్లు పిలుస్తారు. ఎవరూ లేవకపోవడంతో తర్వాతి వారిని పిలుస్తారు. సాయంత్రానికి రికార్డులో ఆమె పేరు పక్కన 'హాజరు కాలేదు' అని నమోదవుతుంది. పొద్దున్నుంచీ తలుపు పక్కనే ఎదురుచూసిన మనిషి గురించి ఆసుపత్రి రాసుకున్న మాట అది. రక్తపోటు, వాడుతున్న మందులు, పాత ఆపరేషన్ వివరాలు అన్నీ అదే రికార్డులో ఉన్నాయి. ఆమెకు వినపడదన్న సంగతి మాత్రం లేదు. ఇలాంటి వైకల్యాన్ని, దానికి కావలసిన ఏర్పాటును ఆసుపత్రులు అడిగి రికార్డులో రాసుకోవాలన్నదే మా వాదన.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, చెప్పుకోదగ్గ స్థాయి వైకల్యంతో జీవిస్తున్నారు. వారిలో కొందరు ఇతరులకంటే 20 ఏళ్ల వరకు ముందే కన్నుమూస్తున్నారు. ఇందుకు వైకల్యాన్నే నిందించడం అన్యాయం. పేదరికం, వివక్ష, ఆసుపత్రుల్లోని అడ్డంకులు కూడా కారణమని ఆ నివేదికే చెబుతోంది.

రికార్డుల్లో వైకల్యం ఊసే ఉండదని అనలేం. పక్షవాతమనో, కంటి నరం దెబ్బతిన్నదనో జబ్బు పేరు ఉంటుంది. అయితే ఒకే జబ్బు వచ్చిన ఇద్దరిలో ఒకరు చేతికర్రతో నడుస్తారు, మరొకరికి చక్రాల కుర్చీ తప్పదు. మందుల చీటీని ఒకరు చదువుకోగలరు, మరొకరికి ఎవరైనా చదివి వినిపించాలి. ఈ తేడా జబ్బు పేరులో కనబడదు. తూకం సంగతే చూడండి. కుర్చీతో సహా ఎక్కే వీలున్న తూకం యంత్రం లేనిచోట రోగి బరువును అంచనాగా రాసేస్తారు. మత్తుమందు మోతాదు సహా ఎన్నో లెక్కలు ఆ అంకె మీదే నడుస్తాయి. ఫలానా రోజు చక్రాల కుర్చీలో రోగి వస్తున్నారని ముందే తెలిస్తే తగిన యంత్రాన్ని, ఎత్తు తగ్గించగల పరీక్ష బల్లను సిద్ధం చేయడం పెద్ద పనేమీ కాదు.

ఏం అడగాలో తెలియదనే సాకు చెల్లదు. చూపు, వినికిడి, నడక, జ్ఞాపకశక్తి–ఏకాగ్రత, సొంత పనులు చేసుకోవడం, ఎదుటివారితో సంభాషించడం — ఈ ఆరింటిలో ఎంత ఇబ్బంది ఉందో తెలుసుకునే చిన్న ప్రశ్నావళిని వైకల్య గణాంకాలపై పనిచేసే అంతర్జాతీయ బృందమైన వాషింగ్టన్ గ్రూప్ ఎప్పుడో రూపొందించింది. దాన్ని జనాభా సర్వేల కోసం తయారుచేశారు కనుక, ఆసుపత్రి దానికి మరో ప్రశ్న చేర్చుకోవాలి: 'మీకు ఏ ఏర్పాటు కావాలి?' ఇంగ్లండ్‌లో 2016 నుంచి అమలవుతున్న ప్రమాణం ప్రకారం రోగికి సమాచారం ఏ రూపంలో అందాలో అడిగి రాసుకోవడంతో సరిపోదు. ఆ విషయం రికార్డు తెరవగానే కనబడాలి, తర్వాత చూసే వైద్య సిబ్బందికీ చేరాలి, ఆ అవసరం తీరాలి.

ఈ ప్రశ్నలు రోగినే అడగాలి. వెంట వచ్చినవారిని అడగడం, చూసి ఊహించి రాసుకోవడం రెండూ తప్పే. బయటికి కనబడని వైకల్యాలు అనేకం. జవాబు చెప్పకూడదనుకునే హక్కు రోగికి ఉంది. వైకల్యం నమోదైతే తమ ప్రాణానికి విలువ తగ్గించి చూస్తారేమోనన్న భయం చాలామందిలో ఉంది, అది అకారణమైనది కాదు. అందుకే ఆ వివరాన్ని ఎవరు చూడవచ్చో, దేనికి వాడవచ్చో ఆసుపత్రి ముందే రాతపూర్వకంగా తెలియజేయాలని, దాన్ని చూపి చికిత్స నిరాకరించడాన్ని నిషేధించాలని మేము కోరుతున్నాము. వైకల్యం కాలంతోపాటు మారుతుంది కనుక, రోగి తన వివరాలను తానే చూసి సరిదిద్దుకునే వీలు కూడా ఉండాలి.