బెండు దొరగారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ సోలా టోపీ దొరవారి దివ్య సముఖానికి,

ఎండ దేశాల్లో తెల్లదొరలు నెత్తిన పెట్టుకున్న టోపీ మీరు. కెన్యాలోని నైరోబీ క్లబ్బు వరండాలో మేకుకు వేలాడేటప్పుడు మీరు ఎవరి బిడ్డో ఎవరూ అడిగి ఉండరు. మాకు తెలుసు. మీరు జీలుగు బెండు. నీళ్లు నిలిచే చిత్తడిలో పెరిగే కాడ, పైతోలు ఒలిస్తే బయటపడే తెల్లటి మెత్తన. తెలుగునాట మీ వాళ్లు పెళ్లికూతురి నుదుట బాసికమవుతారు, గాలానికి కట్టిన బెండై చెరువులో తేలుతారు. మీరొక్కరే కలకత్తా వెళ్లి దొర అయ్యారు.

అయిన తీరూ తెలుసు లెండి. కాడను పలచటి రేకులుగా కోసి, చెక్క అచ్చు మీద పొర మీద పొర జిగురుతో అంటించి, ఆరాక పైన ఖాకీ గుడ్డ, అంచు కింద ఆకుపచ్చ గుడ్డ కుట్టారు. తలకూ డిప్పకూ మధ్య గాలి ఆడడానికి సందు, నడినెత్తిన బొడిపె లాంటి గాలి రంధ్రం. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండరు. అంత బరువులేని వారు ఒక దేశం నెత్తిన అన్నేళ్లు ఎలా కూర్చున్నారన్నదే మా ఆశ్చర్యం.

బ్రిటిష్‌వాళ్లు ఏలిన 1920ల కెన్యాలో ఆరేళ్ల దొరబిడ్డ పొద్దున్నే ఆటకు బయల్దేరడం చూడాలి. ముందు చొక్కా లోపల వెన్నుపట్టీ: మెడ నుంచి నడుము దాకా దూది పెట్టి కుట్టిన గుడ్డ, వెన్నెముకకు ఎండ తగలకుండా. ఆ పైన మీరు. గడ్డం కింద తోలుపట్టీ బిగించాక, సాయంత్రం నీడలు సాగేదాకా తీయకూడదు. రేకుల ఇంట్లో కూడా తీయని వాళ్లుండేవారు, కిరణాలు రేకును దాటి వస్తాయని. చెట్టు మీద కోతిని చూద్దామని పిల్లవాడు తలెత్తితే మీ వెనక అంచు వీపుకు తగిలి, ముందు అంచు ముక్కు మీదకు దిగుతుంది. కోతి కనబడదు. పక్కనే మేకలు కాసే కికుయు (అక్కడి స్థానిక తెగ) పిల్లవాడు బోడిగుండుతో ఆ కోతిని తీరిగ్గా చూస్తుంటాడు. ఎండ తెల్లవాళ్లనే పాడు చేస్తుందన్న మీ సిద్ధాంతం ఆ పిల్లవాడి మీద పనిచేయదు కాబట్టి అతని పేరూ అక్కర్లేదు, 'టోటో' (స్వాహిలీలో పిల్లవాడు) అంటే చాలు. అయినా ఈ టోపీ పిల్లవాడు కికుయు మాటలు నేర్చుకున్నది వాడి దగ్గరే. అమ్మగారికి స్వాహిలీలో వచ్చినవి 'లేటే', 'ఉపేసి' లాంటి ఆజ్ఞలే: తీసుకురా, తొందరగా. కొడుకు ఆ పిల్లవాడి భాషలో వాదన కూడా పెట్టుకోగలడు. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి వాణ్ణి ఇంగ్లండు బడికి ఓడెక్కించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

మీ శాస్త్రం సంగతి. తప్పు ఎండ వేడిది కాదట, అందులోని కనబడని కిరణాలు తెల్లవాళ్ల నరాలను పాడు చేస్తాయట. 1905లో చార్లెస్ వుడ్‌రఫ్ అనే అమెరికా సైనిక వైద్యుడు దీని మీద పుస్తకమే రాశాడు. వడదెబ్బ నిజానికి ఒళ్లు తన వేడిని బయటికి పంపలేనప్పుడు తగులుతుంది. ఉక్క, దాహం, ఆగని శ్రమ కలిస్తే చాలు. మీ వెన్నుపట్టీ ఆ వేడిని భద్రంగా లోపలే దాచిపెడుతుంది. అంచు మాత్రం ముక్కు కాలకుండా కాపాడిందని ఒప్పుకుంటాం. అంతపాటి పని తాటాకు గొడుగూ చేస్తుంది.

అసలు మీరు పెట్టిన టోపీ వేరే ఉంది. నైరోబీ 5,500 అడుగులకు పైనే ఎత్తున ఉంది. జూలైలో పగటి వేడి 22 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, ఇంకా ఎత్తున ఉన్న ఇళ్లలో రాత్రి నెగడు వేసుకుంటారు. ఈ చల్లదనం చూపించే, 'ఇక్కడ తెల్లవాళ్లు పిల్లల్ని పెంచుకోవచ్చు' అంటూ ఆ మెట్టభూములు తెల్లవారికి రాసిచ్చారు. ఆ కొండల దాకా రైలు పట్టాలు వేసింది 1896 నుంచి భారతదేశం నుంచి వచ్చిన కూలీలు, అదే ఎండలో, తలపాగాలతో. 1908లో భారతీయులకు ఆ భూములు ఇవ్వబోమని లండన్‌లో మాట ఇచ్చేశారు. అంటే భూమి కాగితం మీద చల్లని దేశం, పిల్లవాడి నెత్తి మీద మండే దేశం. ఒకే ఊరు, ఒకే పూట! మీరే చెప్పండి, ఏది నిజం?

ఇంకో సంగతి మీ అంచు కింద నుంచి కనబడి ఉండదు. 1918 చట్టం ప్రకారం ఆ పొలాల్లో గుడిసె వేసుకున్న ఆఫ్రికన్ ఏడాదికి కనీసం 180 రోజులు దొరగారి దగ్గర పని చేయాలి. ఆ తర్వాత రెండేళ్లలోపే పదహారేళ్లు దాటిన మగవాళ్లందరికీ 'కిపాండె' వచ్చింది: వేలిముద్ర వేసిన కాగితం, ఎక్కడ ఎప్పుడు పని చేశాడో దాని మీదే రాత. చిన్న రేకు డబ్బాలో మడిచి మెడలో కట్టుకోవాలి. కికుయులు దాన్ని మేక మెడలో గంట అన్నారు. మీకు గడ్డం కింద తోలుపట్టీ, వాళ్లకు మెడలో తాడు. మీది విప్పితే అమ్మ తిడుతుంది, వాళ్లది విప్పితే జైలు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికులు మీరు లేకుండా ఎడారుల్లో తిరిగారు, నెత్తి మాడి ఎవరూ పోలేదు. అంతటితో సైన్యం మీ బెండు తీసింది. గవర్నర్ల తెల్ల టోపీ మీద హంస ఈకలు గుచ్చుకుని ఇంకొన్నాళ్లు ఊరేగారు, అది వేరే సంగతి.

ఇట్లు,
మీ చిత్తడి బంధువులు

తా.క.: మార్చి నుంచి మే దాకా ఆ కొండల్లో పెద్దవానలు. మైనపు గుడ్డ తొడుగు లేకుండా బయటికి రాకండి. తడిస్తే జిగురు వదిలి, పొరలు ఉబ్బి, అంచు చెవుల మీదకు వాలుతుంది. పొయ్యి దగ్గర ఆరబెట్టినా పాత రూపు రాదు.