ముందు నీళ్లు తీయండి, తర్వాతే నూనె వెలిగించండి

బోస్టన్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లలో పెరట్లో మేపుల్ చెట్లున్నవాళ్లు తక్కువేమీ కాదు. ఫిబ్రవరి నెలాఖరున రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ మొదలవగానే ఆ చెట్లలో తీపి నీరు కదులుతుంది. దాన్ని పట్టి చిక్కగా మరిగిస్తే మేపుల్ సిరప్ అవుతుంది. ఒక ఏడాది రెండు చెట్లకు బకెట్లు తగిలించినవాళ్లు మరుసటేడు పది చెట్లకు తగిలిస్తారు. ఆ పైన పక్కింటివాళ్లను అడిగి వాళ్ల చెట్లకూ గొట్టాలు పెడతారు. అక్కడికొచ్చేసరికి పెరట్లో ప్రొపేన్ పొయ్యి చాలదు. అప్పుడే అందరికీ ఒక ఆలోచన వస్తోంది: ఇల్లు వెచ్చబరచడానికి కరెంటు హీట్ పంపు పెట్టించుకున్నాక బేస్‌మెంట్‌లో మూల పడి ఉన్న పాత ఫర్నేసు ఆయిల్ బర్నర్‌ని ఈ వంటకు వాడుకోవచ్చా అని.

వాడుకోవచ్చు. ఉద్యోగాలు చేసుకుంటూ యాభై అరవై ట్యాపులు (నీరు తీయడానికి చెట్టుకు పెట్టే గొట్టాలు) పెట్టే కుటుంబానికి అంతకన్నా అనువైన పొయ్యి లేదని కూడా నేనంటాను. కానీ వంటకు ముందే నీటిని చిక్కబరిచే ఆర్.ఓ. యంత్రం లేకుండా ఆయిల్ బర్నర్ పెట్టడం తప్పని కూడా అంతే గట్టిగా అంటాను. దయచేసి ఈ రెండు మాటలనూ కలిపే వినండి.

లెక్క చూద్దాం. షుగర్ మేపుల్ నీటిలో చక్కెర సుమారు 2 శాతం. సిరప్ అనిపించుకోవాలంటే అది 66 శాతానికి చేరాలి. ఇక్కడి పాతకాపులు 86ని నీటిలోని చక్కెర శాతంతో భాగిస్తారు. గ్యాలన్ సిరప్‌కి ఎన్ని గ్యాలన్ల నీరు కావాలో తేలుతుంది. 2 శాతం ఉంటే 43 గ్యాలన్లు. అందులో 42 గ్యాలన్లు ఆవిరైపోవాలి. చల్లటి నీటిని మరిగించి ఆవిరి చేయడానికి గ్యాలన్‌కి దాదాపు 9,500 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి పడుతుంది. ఈ బర్నర్‌లో మండే నూనె, అంటే హీటింగ్ ఆయిల్, గ్యాలన్‌లో ఉన్నది సుమారు 1,38,500 బీటీయూలు. సొంతంగా కట్టుకున్న పొయ్యిలో అందులో మూడో వంతు పొగగొట్టం పాలవుతుందనుకుంటే, గ్యాలన్ నూనెతో తొమ్మిదిన్నర గ్యాలన్ల నీళ్లు ఇగురుతాయి. అంటే ఒక్క గ్యాలన్ సిరప్‌కి నాలుగు గ్యాలన్ల పైచిలుకు నూనె! గ్యాలన్ నూనె నాలుగు డాలర్లనుకున్నా పదిహేడు డాలర్లు దానికే పోతాయి. డబ్బు సంగతి పక్కన పెట్టండి. గ్యాలన్ నూనె కాలితే పది కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. పెరటి చెట్టు మీద ప్రేమతో, పిల్లలకు చూపిద్దామని మొదలుపెట్టిన పనిలో సీసాడు తీపి కోసం ఇంత కాల్చడం నాకు మనసొప్పదు.

అనకాపల్లి వైపు బెల్లం వండటం చూసినవాళ్లకు తేడా వెంటనే అర్థమవుతుంది. అక్కడ గానుగాడగా మిగిలిన పిప్పినే ఎండబెట్టి పొయ్యిలోకి తోస్తారు. వంటచెరకు కూడా చెరకే ఇస్తుంది. పైగా చెరకు రసంలో తీపి మేపుల్ నీటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మేపుల్ చెట్టు ఇచ్చేది పలచటి నీళ్లు మాత్రమే. ఇంధనం మనమే ఎక్కడి నుంచో తెచ్చుకోవాలి. కాబట్టి ఈ పనిలో మొదటి ప్రశ్న ఏ మంట పెట్టాలని కాదు, ఎంత తక్కువ మంటతో గట్టెక్కగలమని.

కట్టెల మంట మీద వండిందే అసలు సిరప్ అనేవాళ్లున్నారు. ఎకరాల కొద్దీ అడవి ఉన్న వెర్మాంట్ రైతు కట్టెలతోనే వండాలి, అందులో వాదనే లేదు. పడిపోయిన చెట్లు, పలచన చేయడానికి కొట్టిన చెట్లు ఆయనకు ఎలాగూ ఉంటాయి. ష్రూస్‌బరీలోనో వెస్ట్‌ఫర్డ్‌లోనో అర ఎకరంలో ఉన్న మనం కట్టెలు కొనాలి, ఏడాది ముందే చీల్చి ఆరబెట్టాలి, వండేటప్పుడు ఎనిమిది పది నిమిషాలకోసారి పొయ్యిలో వేస్తూ ఉండాలి. సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి వచ్చిన మనిషి అర్ధరాత్రి దాకా అలా వేస్తూ కూర్చోలేడు. నీరేమో ఆగదు. పాలలాగే రోజుల్లో పులుస్తుంది, చల్లగా ఉంచి ఒకటి రెండు రోజుల్లో వండేయాలి. ఇంకొక సంగతి ఎక్కువమంది ఆలోచించరు: పాన్‌లో నీరు అడుగంటుతోందని తెలిసిన క్షణాన కట్టెల పొయ్యిని ఆర్పలేం, నిప్పులు ఇంకా కణకణలాడుతూనే ఉంటాయి. ఆయిల్ బర్నర్‌కి స్విచ్ ఉంది. నీటిమట్టం తగ్గితే దానంతటదే ఆగిపోయేలా ఫ్లోట్ కూడా పెట్టవచ్చు. పిల్లలు చుట్టూ తిరిగే చోట ఇది చిన్న విషయం కాదు.

ఇక ఆర్.ఓ. హైదరాబాద్‌లో మంచినీళ్ల కోసం ప్రతి వంటింట్లో గోడకు తగిలించుకున్న యంత్రమే ఇది. అక్కడ మనం పారబోసే నీళ్ల స్థానంలో ఇక్కడ తీపి నీరు వస్తుంది, దాన్నే దాచుకుంటాం. యంత్రంలోని సన్నటి పొర గుండా దాటొచ్చిన శుభ్రమైన నీళ్లతో సామాను కడుక్కోవచ్చు. 2 శాతం నీటిని 8 శాతానికి తెస్తే గ్యాలన్ సిరప్‌కి 43 గ్యాలన్లు వండాల్సిన చోట పదకొండు లోపే వండితే సరిపోతుంది. నూనె ఖర్చు నాలుగు గ్యాలన్ల నుంచి ఒక్క గ్యాలన్‌కి దిగుతుంది. ఈ తెలివి కొత్తదేమీ కాదు. 1973లో చమురు ధరలు భగ్గుమన్నప్పుడు ఆయిల్‌తో వండే సిరప్ రైతులు విలవిల్లాడారు, ఆర్.ఓ. వాళ్ల షెడ్లలోకి అడుగుపెట్టింది ఆ దశకంలోనే. ఇప్పుడు యాభై ట్యాపులవాళ్లకు సరిపోయే చిన్న యంత్రాలు కూడా దొరుకుతున్నాయి.

కాలం సంగతీ చూడండి. మంచి రోజున యాభై ట్యాపులకు యాభై గ్యాలన్ల నీరు రావచ్చు. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న పాన్ కింద గంటకు గ్యాలన్ నూనె కాల్చే నాజిల్ (నూనెను తుంపరగా చిమ్మే మొన) పెడితే, ఆ నీళ్లన్నీ ఇగరడానికి అయిదు గంటలు పడుతుంది. ఆర్.ఓ. నుంచి వచ్చిన పన్నెండు గ్యాలన్లయితే గంటంబావు. పిల్లలు పడుకునేలోపు పొయ్యి కట్టేయవచ్చు.

రుచి పోతుందన్న భయం ఒకటుంది. వెర్మాంట్‌లోని అండర్‌హిల్‌లో 1946 నుంచి నడుస్తున్న ప్రాక్టర్ మేపుల్ పరిశోధన కేంద్రం రకరకాల గాఢతల దాకా తెచ్చిన నీటిని వండి పోల్చింది. రుచిలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. పొగ వాసన పాన్‌లోకి రావడం కట్టెల గొప్పతనం కాదు, పొయ్యి లోపం.

బర్నర్ అమర్చడం దగ్గర మాత్రం మన ఇంజనీర్ బుర్రలను కొంచెం అదుపులో పెట్టుకోవాలి. ఫర్నేసు నుంచి ఊడదీసి పాన్ కిందికి గురిపెట్టేస్తే పని అయిపోదు. నూనె తుంపర మండటానికి వేడెక్కిన గది కావాలి, లోపల సెరామిక్ ఫైబర్‌తోనో అగ్ని ఇటుకలతోనో లైనింగ్ వేయాలి. ఆ ఫైబర్ కోసేటప్పుడు మాస్కు తప్పదు. మంట తిన్నగా పాన్ అడుగుకు తగిలితే చల్లటి లోహం మీద మసి పేరుకుంటుంది. వేడి పైకెక్కదు, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. నాజిల్ కోణం, పంపు ఒత్తిడి, గాలి పాళ్లు, పొగగొట్టం లాగుడు ఇవన్నీ పరికరం పెట్టి కొలిచి సరిచేయాలి, కంటితో చూసి కాదు. మంట వెలుతురును గమనిస్తూ, అది ఆరిపోతే నూనెను ఆపే క్యాడ్ సెల్‌ను తప్పించి బర్నర్ నడపకండి. బర్నర్ వెలగకపోతే రీసెట్ బటన్‌ను పదేపదే నొక్కకండి. నొక్కినప్పుడల్లా నూనె లోపల మడుగు కడుతుంది, ఆఖరికి అంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. మసాచుసెట్స్‌లో ఆయిల్ బర్నర్ పెట్టాలంటే ఊరి అగ్నిమాపక శాఖ పర్మిట్ ఉండాలి, పెట్టేవాళ్లకు దానికి తగిన సర్టిఫికెట్ ఉండాలి. ఆ ఖర్చు దగ్గర బేరమాడవద్దు.

బయట పెట్టిన ట్యాంకులో నూనె గట్టి చలికి చిక్కబడుతుంది, ఇక్కడివాళ్లు కొంచెం కిరోసిన్ కలుపుతారు. కార్లలోంచి తీసిన వాడేసిన నూనెను మాత్రం ఎవరు ఊరికే ఇస్తానన్నా దగ్గరికి రానివ్వకండి, అందులో లోహాలుంటాయి. పాత పాన్ కొంటే అతుకులకు సీసం వాడారేమో చూడండి. వెల్డింగ్ చేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ పాన్ ధర ఎక్కువైనా అదే కొనాలి, మన పిల్లలు తినేది కదా.

పది ట్యాపులవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. వాళ్లకు ప్రొపేన్ చాలు. కానీ పది పది ట్యాపులున్న ఇళ్లు మన సంఘంలోనే ఎన్ని ఉన్నాయి! ఎవరి పెరట్లో వాళ్లు సిలిండర్ మీద సిలిండర్ ఖాళీ చేసేకంటే, స్థలమూ షెడ్డూ ఉన్న ఒక సభ్యుడి ఇంట ఒకే ఆర్.ఓ., ఒకే పాన్, పద్ధతిగా అమర్చిన ఒకే ఆయిల్ బర్నర్ పెట్టుకుందాం. ఎవరి నీళ్లు వాళ్లు సాయంత్రం తెస్తారు. రిఫ్రాక్టోమీటర్‌తో చక్కెర శాతం చూసి, ఎన్ని గ్యాలన్లు తెచ్చారో రాసుకుని, సిరప్‌ను ఆ పాళ్లలో పంచుకుంటాం. శుక్ర, శనివారాల్లో వంట దగ్గర పిల్లలు కూర్చోవచ్చు, పెద్దవాళ్లు కబుర్లు చెప్పుకోవచ్చు. ఉగాది వంటలకు ఆ సిరప్ ఏ మేరకు పనికొస్తుందో మన అమ్మలూ అత్తయ్యలే తేలుస్తారు.

దీనికి టైం ఇప్పుడే. పర్మిట్, పునాది, ట్యాంకు ఇవన్నీ నేల గడ్డకట్టకముందే పూర్తి కావాలి. ఆకులు రాలాక ఏది షుగర్ మేపులో పోల్చడం కష్టం కాబట్టి, ఈలోపే పెరట్లో చెట్లు చూసుకోండి. ఛాతీ ఎత్తున అడ్డకొలత పది అంగుళాలకు తగ్గని చెట్టుకే రిబ్బన్ కట్టండి, అంతకన్నా చిన్నదాన్ని పెరగనివ్వండి. ఎన్ని చెట్లున్నాయో సంఘం కార్యదర్శికి రాసి పంపండి. ఎంత పాన్ కొనాలో, ఏ నాజిల్ పెట్టాలో ఆ లెక్క వచ్చాకే నిర్ణయిద్దాం.