అనుమతి చూపాకే రక్తం తీయాలి

‘ఒక్క రక్తపు చుక్క, ఒక్క కాంతి కిరణం, క్యాన్సర్ గుట్టు రట్టు’ అంటూ కరపత్రాలు పంచి, కందుకూరు, కనిగిరి చుట్టుపక్కల పొగాకు పల్లెల్లో కొందరు నడుపుతున్న శిబిరాలను అధికార యంత్రాంగం చూసీచూడనట్టు వదిలేయడం మాకు ఆందోళన కలిగిస్తోంది. ఒక రైతు మాకు తెచ్చి చూపిన నివేదికలో ఎగుడుదిగుడు గీతల పటం ఒకటి, దాని కింద ఎర్రక్షరాల్లో ‘అనుమానాస్పదం’ అన్న ఒక్క మాట ఉన్నాయి. డాక్టరు సంతకం లేదు, ల్యాబు రిజిస్ట్రేషన్ నంబరూ లేదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కట్టెలకని దాచుకున్న డబ్బు తీసుకుని ఆయన చెన్నై బస్సెక్కారు.

శాస్త్రాన్ని మేము తప్పుపట్టడం లేదు. ఈ పరీక్షకు మూలమని చెప్పే రామన్ ప్రభావాన్ని సి.వి. రామన్ 1928లో కనుగొన్నారు, దానికి 1930లో నోబెల్ వచ్చింది; సీరం (రక్తంలోని ద్రవభాగం) పైనో లాలాజలంపైనో లేజర్ వేస్తే చెదిరే కాంతిలో అత్యల్ప భాగం రంగు మార్చుకుని, అందులోని ప్రోటీన్ల, కొవ్వుల జాడ చెబుతుంది. క్యాన్సర్ ఉన్నవారి గీతలకూ లేనివారి గీతలకూ తేడాను పరిశోధకులు చూస్తున్నారు. అయితే ఆ తేడా సన్నటిది. నమిలిన పొగాకు, వేసుకునే మందులు, నమూనా నిల్వచేసిన తీరు కూడా గీతను మార్చగలవు. వెయ్యి మందిలో ఒక్కరికే జబ్బున్న చోట, జబ్బులేని నూరుగురిలో 95 మందికి లేదని సరిగ్గా చెప్పే మంచి పరీక్షే అయినా, దాదాపు 50 మందిని ఉత్తపుణ్యానికి భయపెడుతుంది. ఇక్కడైతే ఆ 95 అయినా ఎవరు లెక్కగట్టారు?

పెద్దాసుపత్రులు దూరమైన చోట ఏదో ఒక పరీక్ష ఉండడం మేలే కదా అనేవారున్నారు. 30 ఏళ్లు దాటినవారి నోరు తెరిపించి, టార్చిలైటుతో చూసే పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఎప్పటినుంచో ఉంది. తెల్లమచ్చ కనిపిస్తే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయాలి, దానికి గీతల పటం ప్రత్యామ్నాయం కాదు.

మా భయం ఈ ఒక్క శిబిరం గురించి కాదు. 2017 వైద్య పరికరాల నిబంధనలు ఉండగానే దీన్ని వదిలేస్తే, రేపు మరొకరు మూత్రంతో, ఎల్లుండి ఇంకొకరు ఉమ్మితో దుకాణం తెరుస్తారు. అడ్డుకోబోతే ‘వాళ్లనెందుకు వదిలారు’ అని ఈ శిబిరాన్నే చూపిస్తారు. మొదటివాడికి దొరికిన మౌనమే మిగతావారికి లైసెన్సు అవుతుంది.

లిఖితపూర్వక ఫిర్యాదు వస్తే చూస్తామని సంబంధిత అధికారులు అంటున్నారట. కరపత్రం మీద ఫోన్ నంబరు అచ్చయి ఉంది. ఆ నంబరుకు ఫోన్ చేసి, ‘మీ అనుమతి పత్రం ఏదీ?’ అని అడగడానికి కూడా ఊరివాళ్లు అర్జీ రాసివ్వాలా?